మాజీ సైనికుల కళాశాల ప్రవేశం (అమెరికా)

సైనికసేవ ముగించుకొని వచ్చినవారు కళాశాలకు దరఖాస్తు చేసుకొని, ప్రభుత్వ ఆర్థిక సహాయంతో ఉన్నతవిద్య అభ్యసించే విధానం అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1944 నుండి విస్తృతంగా అమలులో ఉన్నది. దీనికి ఆధారమైన చట్టాలన్నిటినీ కలిపి వాడుకలో జి.ఐ. బిల్లు అని వ్యవహరిస్తారు. రెండవ ప్రపంచయుద్ధం చివరి దశలో రూపొందిన మొదటి చట్టం ద్వారా దాదాపు 22 లక్షల మంది మాజీ సైనికులు కళాశాలలలోను, విశ్వవిద్యాలయాలలోను చదివారు. ఆ తరువాత ప్రతి తరానికీ కొత్త చట్టం వచ్చింది. వీటిలో ప్రస్తుతం ముఖ్యమైనది 2008లో ఆమోదం పొందిన చట్టం.

ఈ చట్టాలు చదువుకు కావలసిన ధనాన్ని సమకూరుస్తాయే గాని కళాశాలలో సీటును ఇవ్వవు. సీటు కోసం మాజీ సైనికుడు ఇతర విద్యార్థులవలెనే దరఖాస్తు చేసుకోవాలి. చట్టం ఇచ్చిన హక్కుకు, కళాశాల ఇచ్చే ప్రవేశానికి నడుమ ఉన్న ఈ దూరమే ఈ విధానపు చరిత్రలో అనేక సమస్యలకు మూలం. ఈ దూరాన్ని దాటగలిగినవారికి చట్టం వరమైనది. దాటలేనివారికి అది కాగితంమీది హక్కుగానే మిగిలింది.

పేరు

1944 నాటి చట్టం అసలు పేరు "సైనికుల పునరావాస చట్టం". "జి.ఐ." అనే పొడి అక్షరాలు అమెరికా సైన్యంలో మొదట గాల్వనైజ్డ్ ఐరన్‌తో చేసిన వస్తువులను సూచించేవి. క్రమంగా అవి "గవర్నమెంట్ ఇష్యూ", అనగా ప్రభుత్వం సరఫరా చేసినది, అనే అర్థంలో స్థిరపడి, చివరకు సామాన్య సైనికునికే మారుపేరు అయినవి. చట్టం అయిన తరువాత కూడా "బిల్లు" అనే మాట జనవ్యవహారంలో అట్లాగే నిలిచిపోయింది.

నేపథ్యం

మొదటి ప్రపంచయుద్ధం నుండి తిరిగివచ్చిన అమెరికా సైనికులకు 60 డాలర్లు, ఇంటికి చేరడానికి రైలు టికెట్టు ఇచ్చి పంపివేశారు. వారికి ప్రత్యేక పరిహారం చెల్లిస్తామని 1924లో చట్టం చేసినా, అందులో అధికభాగం 1945లో గాని చేతికి అందదు. ఇంతలో ఆర్థికమాంద్యం వచ్చిపడింది. 1932లో వేలాది మాజీ సైనికులు తమ సొమ్మును వెంటనే చెల్లించవలసిందిగా కోరుతూ వాషింగ్టన్ చేరి గుడారాలు వేసుకొన్నారు. ఆ సంవత్సరం జూలై 28న జనరల్ డగ్లస్ మెకార్థర్ నాయకత్వంలోని సైన్యం వారిని బలవంతంగా తరిమివేసి గుడారాలను తగులబెట్టింది. దేశంకోసం పోరాడినవారిపై సైన్యాన్నే ప్రయోగించిన ఈ ఘటన ప్రజల మనసులలో చెరగని ముద్ర వేసింది.

రెండవ ప్రపంచయుద్ధంలో సుమారు 1 కోటి 60 లక్షల మంది అమెరికన్లు సైన్యంలో పనిచేశారు. వీరందరూ ఒక్కసారిగా ఉద్యోగాల వేటలో పడితే మరల మాంద్యం తప్పదని ప్రభుత్వం భయపడింది. కొంతమందినైనా కొన్ని సంవత్సరాలపాటు చదువులలోకి మళ్ళించడం ఆ భయానికి ఒక విరుగుడుగా కనిపించింది. ఆ విధంగా ఈ చట్టం పుట్టుకలో కృతజ్ఞతతోపాటు ఆర్థిక ముందుచూపు కూడా ఉన్నది.

1944 చట్టం

చట్టం తొలి ముసాయిదాను అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘానికి పూర్వం జాతీయ అధ్యక్షునిగా పనిచేసిన హ్యారీ కోల్మరీ అనే న్యాయవాది వాషింగ్టన్‌లోని మేఫ్లవర్ హోటలులో కూర్చొని వ్రాశాడు. కాంగ్రెసు ఉభయసభల ప్రతినిధుల మధ్య నిరుద్యోగ భృతి విషయమై ప్రతిష్టంభన ఏర్పడగా, జార్జియా రాష్ట్రానికి చెందిన సభ్యుడు జాన్ గిబ్సన్‌ను రాత్రికి రాత్రి రాజధానికి రప్పించి, ఆయన ఓటుతో దానిని గట్టెక్కించారు. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1944 జూన్ 22న సంతకం చేశాడు.

విద్యకు సంబంధించి ఈ చట్టంలోని ముఖ్యాంశాలు:

- కనీసం 90 రోజులు సేవచేసి, అవమానకరమైన డిశ్చార్జి కాకుండా బయటకు వచ్చినవారు అర్హులు.
- ఫీజులు, పుస్తకాలు, సామగ్రి కొరకు సంవత్సరానికి 500 డాలర్ల వరకు ప్రభుత్వం కళాశాలకే చెల్లించేది. ఆనాడు ప్రసిద్ధ ప్రైవేటు విశ్వవిద్యాలయాల ఫీజుకు సైతం ఈ మొత్తం సరిపోయేది.
- జీవనభృతిగా ఒంటరివారికి నెలకు 50 డాలర్లు, కుటుంబం ఉన్నవారికి 75 డాలర్లు మొదట నిర్ణయించబడినవి. తరువాత ఈ మొత్తాలు పెరిగినవి.
- సేవాకాలాన్ని అనుసరించి గరిష్ఠంగా 48 నెలల వరకు చదువుకోవచ్చు.

ఏ కళాశాలలో చేరాలో, ఏ విషయం చదవాలో నిర్ణయించుకొనే స్వేచ్ఛ సైనికునికే ఇవ్వబడినది. ఎవరిని చేర్చుకోవాలో నిర్ణయించే అధికారం మాత్రం కళాశాలల చేతిలోనే ఉండిపోయినది.

కళాశాలలపై ప్రభావం

ఈ చట్టాన్ని కొందరు విద్యావేత్తలు మొదట వ్యతిరేకించారు. చికాగో విశ్వవిద్యాలయ అధినేత రాబర్ట్ హచిన్స్ 1944 డిసెంబరులో ఒక పత్రికావ్యాసంలో, డబ్బుకోసం అర్హత లేనివారిని చేర్చుకొని కళాశాలలు దిగజారిపోతాయని హెచ్చరించాడు. హార్వర్డ్ అధ్యక్షుడు జేమ్స్ కోనంట్ కూడా ఇటువంటి సందేహాలనే వెలిబుచ్చాడు. ఆచరణలో జరిగినది వేరు. మాజీ సైనికులు తోటి విద్యార్థులకంటె శ్రద్ధగా చదివి మంచి మార్కులు తెచ్చుకొన్నారు. కోనంట్ తన అభిప్రాయాన్ని తరువాత మార్చుకొన్నాడు.

1947లో కళాశాలలలో చేరినవారిలో 49 శాతం మాజీ సైనికులే. ప్రాంగణాలు చాలక సైన్యం వదిలివేసిన రేకు షెడ్లను తెచ్చి తరగతి గదులుగాను, నివాసాలుగాను వాడుకొన్నారు. అప్పటివరకు వివాహితులైన విద్యార్థులు కళాశాలలలో అరుదు. ఇప్పుడు భార్యాబిడ్డలతో కాపురముంటూ చదివేవారు ఎక్కడ చూసినా కనిపించసాగారు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం 1947లో "స్కూల్ ఆఫ్ జనరల్ స్టడీస్" అనే విభాగాన్ని నెలకొల్పింది. చదువులో విరామం వచ్చిన పెద్దవయసువారి కొరకు ఏర్పడిన ఈ విభాగంలో నేటికీ మాజీ సైనికులు పెద్దసంఖ్యలో చదువుతున్నారు.

1956 జూలైలో పథకం ముగిసేనాటికి 78 లక్షల మంది ఏదో ఒక విధమైన చదువునో, శిక్షణనో పొందారు. వీరిలో కళాశాలలకు వెళ్ళినవారు సుమారు 22 లక్షలు మాత్రమే. మిగిలినవారు వృత్తివిద్యా పాఠశాలలలోను, పనిచేసే చోట శిక్షణలోను, వ్యవసాయ శిక్షణలోను చేరారు.

ఉన్నత పాఠశాల పూర్తిచేయనివారు

యుద్ధానికి వెళ్ళినవారిలో చాలామంది ఉన్నత పాఠశాల చదువును మధ్యలోనే ఆపివేసినవారు. ఆ పట్టా లేనిదే కళాశాలకు దరఖాస్తు చేసే వీలు లేదు. ఈ చిక్కును పరిష్కరించడానికి అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ అనే సంస్థ సహకారంతో 1942లో జి.ఇ.డి. అనే పరీక్షలు రూపొందించబడినవి. వీటిలో ఉత్తీర్ణులైనవారిని ఉన్నత పాఠశాల పూర్తిచేసినవారితో సమానంగా పరిగణించసాగారు. నేడు అమెరికాలో బడి మానివేసిన సామాన్యులు వ్రాసే ఈ పరీక్షలకు మూలం సైనికుల అవసరమే.

సైన్యంలో పొందిన శిక్షణకు కళాశాల క్రెడిట్లు ఎన్ని ఇవ్వవచ్చునో సూచించే పనిని కూడా ఇదే సంస్థ 1945 నుండి చేస్తున్నది.

అందరికీ తెరుచుకోని తలుపులు

1944 చట్టంలో జాతివివక్షకు సంబంధించిన మాట ఒక్కటి కూడా లేదు. అయినప్పటికీ నల్లజాతి సైనికులకు దాని ఫలితం సమానంగా అందలేదు. చట్టం అమలు స్థానిక అధికారుల చేతిలో ఉండడం, దక్షిణాది రాష్ట్రాలలో కళాశాలలు జాతుల వారీగా వేరుచేయబడి ఉండడం ఇందుకు ప్రధాన కారణాలు. నల్లజాతివారి కళాశాలలు సంఖ్యలోను, వసతులలోను తక్కువ కావడంతో, చేరగోరిన వారందరికీ అక్కడ చోటు దొరకలేదు. "నీలి డిశ్చార్జి" అనే పత్రంతో సైన్యం నుండి పంపివేయబడినవారికి కూడా తరచు సహాయం నిరాకరించబడినది. ఆ పత్రం పొందినవారిలో నల్లజాతివారి నిష్పత్తి ఎక్కువ.

మిసిసిపీ విశ్వవిద్యాలయానికి ఇద్దరు మాజీ సైనికులు చేసిన దరఖాస్తులు ఈ సందర్భంలో పేర్కొనదగినవి.

మెడ్గర్ ఎవర్స్ రెండవ ప్రపంచయుద్ధంలో ఐరోపాలో పనిచేసిన సైనికుడు. యుద్ధానంతరం ఆల్కార్న్ కళాశాలలో చదివి 1952లో పట్టభద్రుడయ్యాడు. 1954లో మిసిసిపీ విశ్వవిద్యాలయపు న్యాయకళాశాలకు దరఖాస్తు చేశాడు. ఆ దరఖాస్తు తిరస్కరించబడినది. తరువాత పౌరహక్కుల ఉద్యమంలో నాయకుడై 1963లో హత్యకు గురైనాడు.

జేమ్స్ మెరెడిత్ 1951 నుండి 1960 వరకు వైమానికదళంలో పనిచేశాడు. 1961 జనవరిలో అదే విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేశాడు. అభ్యర్థులు ఆ విశ్వవిద్యాలయపు పూర్వవిద్యార్థుల నుండి సిఫారసు లేఖలు తీసుకురావాలనే నియమం అక్కడ ఉండేది. పూర్వవిద్యార్థులందరూ తెల్లవారే కావడంతో, చూడడానికి సాధారణమైన ఈ నియమమే నల్లజాతివారికి అడ్డుగోడ అయింది. న్యాయపోరాటం తరువాత 1962 జూన్‌లో అప్పీలు న్యాయస్థానం ఆయనను చేర్చుకోవలసిందిగా తీర్పు ఇచ్చింది. సెప్టెంబరు 30 రాత్రి ప్రాంగణంలో చెలరేగిన అల్లర్లలో ఇద్దరు మరణించారు. ప్రభుత్వం సైన్యాన్ని పంపించగా, అక్టోబరు 1న మెరెడిత్ విశ్వవిద్యాలయంలో చేరి, 1963 ఆగస్టులో పట్టా పుచ్చుకొన్నాడు. తొమ్మిదేళ్ళు దేశసేవ చేసినవాడు తన రాష్ట్రపు విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టడానికి సైనికుల రక్షణ అవసరమైనది.

తరువాతి చట్టాలు

- 1952: కొరియా యుద్ధ సైనికుల కొరకు చట్టం. 1944 చట్టం కింద కొన్ని విద్యాసంస్థలు ఫీజులు ఇష్టానుసారం పెంచి ప్రభుత్వధనాన్ని కాజేసినందున, ఈసారి సంస్థలకు చెల్లించడం మాని, ఒంటరి విద్యార్థికి నెలకు 110 డాలర్లు నేరుగా ఇచ్చారు. ఫీజు కూడా అందులోనే కట్టుకోవాలి. గరిష్ఠ కాలం 36 నెలలకు తగ్గింది.
- 1966: లిండన్ జాన్సన్ మార్చి 3న సంతకం చేసిన చట్టం. వియత్నాం యుద్ధకాలపు సైనికులు దీనికింద చదివారు. పెరుగుతున్న ఫీజులతో పోలిస్తే భృతి చాలదనే విమర్శ ఎక్కువగా ఉండేది.
- 1984: కాంగ్రెసు సభ్యుడు మాంట్‌గోమరీ పేరుమీద వచ్చిన చట్టం. ఇది 1985 జూలై నుండి అమలైనది. దీనిలో చేరిన సైనికుని జీతం నుండి మొదటి 12 నెలలు నెలకు 100 డాలర్ల చొప్పున తగ్గించబడేది.
- 2008: వియత్నాం యుద్ధంలో పాల్గొన్న సెనేటరు జిమ్ వెబ్ ప్రతిపాదించిన చట్టం. 2001 సెప్టెంబరు 11 తరువాత సేవచేసినవారికి ఇది వర్తిస్తుంది. జార్జి బుష్ 2008 జూన్ 30న సంతకం చేయగా 2009 ఆగస్టు 1 నుండి అమలులోకి వచ్చింది.
- 2017: తొలి ముసాయిదా వ్రాసిన కోల్మరీ పేరుమీద వచ్చిన సవరణ చట్టం. సేవ ముగిసిన 15 ఏళ్ళలోగా చదువు ముగించాలనే నిబంధన, 2013 జనవరి 1న గాని, ఆ తరువాత గాని విరమించినవారికి తొలగించబడినది.

విడివిడిగా రెండు సేవాకాలాలు ఉండి, మాంట్‌గోమరీ చట్టానికి, 2008 చట్టానికి రెండింటికీ అర్హులైనవారు మొత్తం 48 నెలల వరకు సహాయం పొందవచ్చునని అమెరికా సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో తీర్పు ఇచ్చింది.

2008 చట్టం ప్రకారం లభించే సహాయం

సాధారణంగా 36 నెలల చదువుకు, అనగా తొమ్మిది నెలల విద్యాసంవత్సరాలు నాలుగింటికి, సహాయం లభిస్తుంది. సేవాకాలాన్ని బట్టి సహాయపు శాతం మారుతుంది. మొత్తం 90 రోజులు సేవచేసినవారికి 50 శాతం, 36 నెలలు చేసినవారికి 100 శాతం ఇస్తారు. గాయపడి పర్పుల్ హార్ట్ పతకం పొందినవారికి సేవాకాలంతో నిమిత్తం లేకుండా 100 శాతం లభిస్తుంది. పూర్తి అర్హత కలవారికి అందేవి ఇవి:

- ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ఆ రాష్ట్రవాసులు చెల్లించే ఫీజు మొత్తం. ప్రైవేటు సంస్థలలో ఏటా నిర్ణయించే గరిష్ఠ పరిమితి వరకు ఫీజు. ఈ ఫీజును కళాశాలకే చెల్లిస్తారు.
- కళాశాల ఉన్న ప్రాంతపు ఇంటి అద్దెలను బట్టి నెలనెలా నివాసభృతి. పూర్తిగా ఆన్‌లైనులో చదివేవారికి ఇది బాగా తగ్గుతుంది. సగం భారానికి మించి పాఠ్యాంశాలు తీసుకొననివారికి అసలే రాదు.
- పుస్తకాలకు సంవత్సరానికి 1,000 డాలర్ల వరకు.

ప్రైవేటు కళాశాల ఫీజు పరిమితిని మించితే, మిగిలిన దానిలో కొంత కళాశాల భరించి, అంతే మొత్తాన్ని ప్రభుత్వం భరించే "యెల్లో రిబ్బన్" అనే ఏర్పాటు ఉన్నది. ఇందులో చేరడం కళాశాల ఇష్టం. కొన్ని కళాశాలలు ఏడాదికి ఇంతమందికే అని సంఖ్యను పరిమితం చేస్తాయి. కనుక దరఖాస్తుకు ముందే విచారించుకోవడం అవసరం.

ఒక రాష్ట్రంలో పుట్టి, మరొక రాష్ట్రంలో పనిచేసి, వేరొక రాష్ట్రంలో చదవగోరే మాజీ సైనికుడు ఏ రాష్ట్రవాసి అనే ప్రశ్న పూర్వం పెద్ద చిక్కుగా ఉండేది. ఇతర రాష్ట్రాలవారికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ఫీజు రెండు మూడు రెట్లు ఉండవచ్చును. 2014లో వచ్చిన చట్టం సేవ ముగిసిన మూడేళ్ళలోపు చేరినవారిని స్థానికులుగానే భావించి ఫీజు తీసుకోవాలని నిర్దేశించింది. ఆ మూడేళ్ళ పరిమితి కూడా 2021లో తొలగింది.

సైనికసేవ చేసినవారు విధించిన షరతులకు లోబడి తమ హక్కును భార్య లేక భర్త, పిల్లల పేరుకు మార్చవచ్చు. ఇందుకు ఆరేళ్ళ సేవ పూర్తిచేసి, మరి నాలుగేళ్ళు కొనసాగడానికి అంగీకరించాలి. సేవలో ఉండగానే ఈ మార్పు కోరాలి.

దరఖాస్తు విధానం

మాజీ సైనికుడు రెండు దరఖాస్తులు వేరువేరుగా చేయవలసి ఉంటుంది. ఒకటి ప్రభుత్వానికి, ఇంకొకటి కళాశాలకు. ఒకదానికి అనుమతి లభించినంత మాత్రాన రెండవది లభించదు.

ప్రభుత్వానికి చేసే దరఖాస్తు

వెటరన్స్ వ్యవహారాల శాఖకు 22-1990 అనే సంఖ్యగల ఫారం పంపాలి. అర్హత ఉన్నదని తేలితే ఎన్ని నెలలు, ఎంత శాతం సహాయం లభించునో తెలిపే అర్హతాపత్రం వస్తుంది. ఈ పత్రాన్ని కళాశాలలో ఇందుకోసం నియమితుడైన ధ్రువీకరణ అధికారికి అందజేయాలి. విద్యార్థి ఎన్ని పాఠ్యాంశాలలో చేరినాడో ఆ అధికారి శాఖకు తెలియజేసిన పిమ్మటనే చెల్లింపులు మొదలవుతాయి.

సేవ ముగిసినట్లు తెలిపే డి.డి. 214 అనే పత్రం అన్నిటికీ ఆధారం. ఇందులో "మెంబర్-4" అనే ప్రతిలో డిశ్చార్జి స్వభావం వ్రాసి ఉంటుంది కనుక దానిని భద్రపరచుకోవాలి. 2008 చట్టం కింద సహాయం పొందడానికి గౌరవప్రదమైన డిశ్చార్జి ఉండాలి. దానికంటె ఒక మెట్టు తక్కువైన "సాధారణ" డిశ్చార్జి పొందినవారు ఇతర సదుపాయాలు కొన్నిటికి అర్హులైనా ఈ విద్యాసహాయానికి అర్హులు కారు. అటువంటివారు తమ డిశ్చార్జిని పునఃపరిశీలించవలసిందిగా సంబంధిత దళపు సమీక్షా మండలికి విన్నవించుకోవచ్చు.

కళాశాలకు చేసే దరఖాస్తు

ఆగస్టులోనో సెప్టెంబరులోనో మొదలయ్యే తరగతులకు, పోటీ ఎక్కువగా ఉండే విశ్వవిద్యాలయాలు అంతకుముందు శీతకాలంలోనే దరఖాస్తుల గడువు ముగిస్తాయి. కాబట్టి వేసవిలో విరమించబోయే సైనికుడు ఇంకా విధులలో ఉండగానే, కొన్నిసార్లు విదేశంలో ఉండగానే, దరఖాస్తు పూర్తిచేయాలి. ఈ సంగతి ముందుగా తెలియనివారికి ఒక సంవత్సరం వృథా అవుతుంది. కావలసినవి సాధారణంగా ఇవి:

- ఉన్నత పాఠశాల మార్కుల పత్రం లేదా జి.ఇ.డి. ధ్రువపత్రం.
- సేవలో ఉండగా చదివిన కళాశాల పాఠ్యాంశాలు ఉంటే వాటి మార్కుల పత్రాలు. ఇవి ఉన్నవారిని కొన్ని కళాశాలలు కొత్త విద్యార్థులుగాను, మరికొన్ని మరొక కళాశాలనుండి మారివచ్చే విద్యార్థులుగాను లెక్కిస్తాయి.
- సైనిక శిక్షణల పత్రం.
- సిఫారసు లేఖలు. బడి విడిచి ఏళ్ళు గడిచినందున ఉపాధ్యాయులకు బదులు పై అధికారులు వ్రాయడం పరిపాటి. అభ్యర్థి క్రమశిక్షణతోపాటు అతని నేర్చుకొనే శక్తిని, వ్రాతనైపుణ్యాన్ని గూర్చి వ్రాసిన లేఖకే కళాశాలలో విలువ ఎక్కువ.
- వ్యక్తిగత వ్యాసం.

చాలామంది మాజీ సైనికులకు వ్యాసం కష్టంగా తోస్తుంది. సైన్యంలో "మేము" అనడమే అలవాటు. వ్యాసంలో "నేను" అని వ్రాయాలి. సైనికభాషలోని పొడి అక్షరాలు, హోదాలు ప్రవేశాధికారులకు అర్థం కావు. నలభైమందికి కావలసిన సామగ్రి లెక్కలను ఏడాదిపాటు తప్పులేకుండా నడిపినాను అని చెప్పినప్పుడు తెలిసే సామర్థ్యం, సరఫరా విభాగపు హోదాపేరు ఒక్కటే వ్రాస్తే తెలియదు. యుద్ధానుభవాన్ని తప్పక వర్ణించాలనే నియమం కూడా ఏదీ లేదు. ఏమి నేర్చుకొన్నాడు, ఇక ముందు ఏమి చదవదలచినాడు అనేవే వ్యాసంలో చూస్తారు.

ఆర్థిక సహాయానికి విద్యార్థులందరూ నింపే ఫాఫ్సా అనే కేంద్రప్రభుత్వ దరఖాస్తును మాజీ సైనికులు కూడా నింపవచ్చు. వయసు ఎంతైనప్పటికీ మాజీ సైనికుని స్వతంత్ర విద్యార్థిగా పరిగణిస్తారు. అనగా తల్లిదండ్రుల ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోరు. ఇందువల్ల పేద విద్యార్థులకిచ్చే పెల్ గ్రాంటు కూడా లభించే అవకాశం ఉన్నది. జి.ఐ. బిల్లు ఉన్నది గదా అని ఫాఫ్సాను విడిచిపెట్టేవారు ఈ మొత్తాన్ని నష్టపోతారు.

సైనిక శిక్షణకు క్రెడిట్లు

పదాతి, నౌకా, మెరైన్, తీరరక్షక దళాలవారికి "జాయింట్ సర్వీసెస్ ట్రాన్స్‌క్రిప్టు" అనే ఉమ్మడి పత్రం లభిస్తుంది. పొందిన శిక్షణ, చేసిన ఉద్యోగం, వాటికి అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సిఫారసు చేసిన క్రెడిట్లు అందులో ఉంటాయి. వైమానికదళానికి సొంత కమ్యూనిటీ కళాశాల ఉన్నందున దాని మార్కుల పత్రమే ఇందుకు ఉపయోగపడుతుంది.

ఇవి సిఫారసులు మాత్రమే. వాటిని అంగీకరించడం, అంగీకరించకపోవడం కళాశాల ఇష్టం. అంగీకరించిన క్రెడిట్లు కూడా చాలాసార్లు ఐచ్ఛికాంశాల కిందికే పోతాయి. ఎంచుకొన్న డిగ్రీకి తప్పనిసరి అయిన పాఠ్యాంశాల స్థానంలో లెక్కకు రావు. యుద్ధభూమిలో ప్రాణాలు కాపాడిన వైద్యసహాయకుడు నర్సింగు డిగ్రీలో మొదటి పాఠం నుండి ప్రారంభించవలసి రావడం దీనికి తరచుగా చూపే ఉదాహరణ. కనుక కళాశాలను ఎంచుకొనే ముందే, ఏ క్రెడిట్లను ఏ పాఠ్యాంశాలకు బదులుగా అంగీకరిస్తారో వ్రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది. 36 నెలల సహాయం నాలుగేళ్ళ డిగ్రీకి సరిగ్గా సరిపోతుంది. ఒక్క సెమిస్టరు వృథా అయినా చివరి సెమిస్టరుకు సొంత డబ్బు వెతుక్కోవాలి.

క్లెప్, డి.ఎస్.ఎస్.టి. అనే పరీక్షలు వ్రాసి కూడా క్రెడిట్లు సంపాదించవచ్చు. సేవలో ఉన్నవారికి వీటి రుసుమును ప్రభుత్వమే భరిస్తుంది.

కళాశాల ఎంపిక

రెండేళ్ళ కమ్యూనిటీ కళాశాలలలో ప్రవేశం సులభం, ఫీజు తక్కువ. చదువుకు దూరమైనవారు ముందుగా ఇక్కడ చేరి, అలవాటుపడిన తరువాత విశ్వవిద్యాలయానికి మారడం ఎక్కువగా జరుగుతుంది. ఐతే 36 నెలల కాలం ఇక్కడ కూడా ఖర్చవుతూనే ఉంటుంది గనుక మారబోయే విశ్వవిద్యాలయం అంగీకరించే పాఠ్యాంశాలనే తీసుకోవాలి.

పేరుపొందిన విశ్వవిద్యాలయాలు తమవంటి వారికి కావని భావించి దరఖాస్తే చేయని మాజీ సైనికులు అనేకులు. ఈ సంకోచాన్ని తొలగించడానికి కొన్ని సంస్థలు ఏర్పడినవి. విశ్వవిద్యాలయ స్థాయి పఠనానికి, రచనకు కొద్దివారాల తర్ఫీదు ఇచ్చే "వారియర్-స్కాలర్ ప్రాజెక్టు" 2012లో యేల్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. ప్రాంగణాలలోని మాజీ సైనిక విద్యార్థుల సంఘాలన్నీ 2008లో "స్టూడెంట్ వెటరన్స్ ఆఫ్ అమెరికా" అనే సమాఖ్యగా ఏర్పడినవి.

లాభాపేక్ష గల కళాశాలలు

లాభాపేక్షతో నడిచే కళాశాలలు తమ ఆదాయంలో కనీసం 10 శాతమైనా కేంద్ర విద్యార్థి సహాయం కానట్టి మార్గాలనుండి సంపాదించాలని అమెరికా చట్టం చెబుతుంది. జి.ఐ. బిల్లు సొమ్ము కూడా ప్రభుత్వానిదే అయినా, చాలాకాలం దానిని ఆ 10 శాతంలో చూపించుకొనే వీలుండేది. దీనితో ప్రతి మాజీ సైనికుడూ ఇటువంటి కళాశాలలకు విలువైన విద్యార్థి అయ్యాడు. సైనిక స్థావరాల చుట్టూ వీరి ప్రచారకులు తిరిగేవారు. దరఖాస్తు సులభం, ప్రవేశం వెంటనే. కాని పట్టాకు విలువ లేకపోవడం, క్రెడిట్లను ఇతర కళాశాలలు అంగీకరించకపోవడం వంటి ఫిర్యాదులు పెరిగినవి.

2012 ఏప్రిల్‌లో అధ్యక్షుడు ఒబామా మోసపూరితమైన ప్రచారాన్ని అరికట్టే ఉత్తర్వు జారీచేశాడు. 2015లో కొరింథియన్ కళాశాలలు, 2016లో ఐ.టి.టి. టెక్ మూతపడినప్పుడు వేలమంది మాజీ సైనికులు చదువు మధ్యలో నిలిచిపోయారు. వారు ఖర్చుచేసిన నెలలను తిరిగి ఇచ్చే వీలును 2017 చట్టం కల్పించింది. 10 శాతం లెక్కలోని లొసుగును 2021 మార్చిలో వచ్చిన చట్టం తొలగించింది. కొత్త నియమం 2023 నుండి అమలులోకి వచ్చింది.

చేరిన తరువాతి ఇబ్బందులు

నివాసభృతి నెల ముగిసిన తరువాత అందుతుంది. అందువల్ల మొదటి ఒకటి రెండు నెలల ఖర్చుకు చేతిలో డబ్బు ఉంచుకోవాలి. సెమిస్టర్ల మధ్య సెలవులలో భృతి ఉండదు. ఈ సెలవుకాలపు చెల్లింపు 2011లో రద్దయింది. ప్రభుత్వం నుండి ఫీజు ఆలస్యంగా వచ్చినందుకు విద్యార్థిని తరగతులకు రానీయకపోవడం, జరిమానా వేయడం 2018 చట్టం ద్వారా నిషేధించబడినవి. మధ్యలో పాఠ్యాంశాన్ని విడిచిపెడితే ఇచ్చిన సొమ్మును తిరిగి చెల్లించవలసి రావచ్చును.

వయసులో చిన్నవారైన సహాధ్యాయుల మధ్య ఒంటరితనం, కుటుంబభారం, గాయాలు, నిద్రలేమి, యుద్ధస్మృతుల వలన కలిగే మానసిక వేదన మొదలైనవి కూడా చదువుకు ఆటంకాలే. వైకల్యం గల విద్యార్థులకు లభించే అదనపు పరీక్షా సమయం వంటి సదుపాయాలు వీరికీ వర్తిస్తాయి. వాటిని కోరడం చిన్నతనంగా భావించి ఊరుకొనేవారు ఎక్కువ.

భారతదేశంలో

భారతదేశంలో జి.ఐ. బిల్లుతో సమానమైన చట్టం లేదు. ఇక్కడి విద్యాసదుపాయాలు ఎక్కువగా సైనికుని పిల్లలను ఉద్దేశించినవి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇంజనీరింగు తదితర ప్రవేశాలలో సైనికుల, మాజీ సైనికుల పిల్లలకు సి.ఏ.పి. కోటా కలదు. కేంద్రీయ సైనిక బోర్డు నిర్వహించే ప్రధానమంత్రి ఉపకారవేతనం కూడా మాజీ సైనికుల పిల్లలకు, సైనికుల వితంతువులకు ఇచ్చేదే. విరమించే అధికారులకు ఐ.ఐ.ఎం. వంటి సంస్థలలో ఆరు నెలల మేనేజిమెంటు కోర్సులను రక్షణశాఖలోని పునరావాస డైరెక్టరేటు ఏర్పాటు చేస్తుంది.

చదువు పూర్తికాకుండా సైన్యంలో చేరినవారికి దూరవిద్య ఒక మార్గం. 1982లో హైదరాబాదులో స్థాపితమైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం (తరువాత డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం) దేశంలో ఈ తరహా విశ్వవిద్యాలయాలలో మొదటిది. ఇంటర్మీడియట్ లేనివారు అర్హతా పరీక్ష వ్రాసి డిగ్రీలో చేరే పద్ధతిని ఇది ప్రవేశపెట్టింది.

2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకంతో ఈ విషయానికి కొత్త ప్రాముఖ్యం వచ్చింది. ఇందులో నాలుగేళ్ళ సేవ తరువాత 25 శాతం వరకు మాత్రమే సైన్యంలో కొనసాగుతారు. మిగిలినవారు ఇరవైల వయసులోనే బయటకు వస్తారు. వీరికోసం ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం రూపొందించిన డిగ్రీలో సగం క్రెడిట్లు సైన్యంలో పొందిన శిక్షణకే ఇవ్వబడతాయి. సైనిక శిక్షణకు క్రెడిట్లు ఇవ్వాలా వద్దా అనేది అమెరికాలో ఆయా కళాశాలల ఇష్టానికి వదలివేయగా, ఇక్కడ డిగ్రీ రూపకల్పనలోనే దానిని చేర్చడం చెప్పుకోదగిన భేదం. ఐతే చదువు ఖర్చును, జీవనభృతిని నెలనెలా భరించే ఏర్పాటు ఇందులో లేదు. సేవ ముగిసినప్పుడు ఒకేసారి ఇచ్చే సేవానిధి నుండే వారు దానిని సమకూర్చుకోవాలి.

అమెరికా సైన్యంలో చేరడానికి ఆ దేశ పౌరసత్వం తప్పనిసరి కాదు. శాశ్వత నివాసహక్కు కలవారు కూడా చేరవచ్చును. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల నుండి సైన్యంలో చేరి విరమించినవారికి కూడా పైన వివరించిన నిబంధనలే వర్తిస్తాయి.